మెడ తిప్పొద్దని చెప్పింది నేనే

నా మెడకి ఈ పట్టా ఏమిటని మాత్రం అడక్కండి. అడిగితే చెప్పాలి. చెప్తే మళ్ళీ కోపం వస్తుంది. కోపం వస్తే తల విసురుతాను. తల విసిరితే ఇంకో పది రోజులు ఎక్స్‌ట్రా అని డాక్టరు ముందే బెదిరించాడు. సరే, అడిగేశారుగా, చెప్తాను. టీ పెట్టండి. నాది కొంచెం చల్లార్చి, స్ట్రా వేసి ఇవ్వండి. తల వెనక్కి వంచి తాగే భాగ్యం ప్రస్తుతం నాకు లేదు.

నేను న్యూ టౌన్‌లో మా అపార్ట్‌మెంట్లోనే యోగా చెప్తానని మీకు తెలుసు. మైకు పెట్టుకుని రెండు వందల మందికి ఒకేసారి "చేతులు పైకి" అనే రకం కాదు. ఒక గ్రూపుకి మహా అయితే నలుగురు, అంతే. ఇంకా అవసరమైతే ఒక్కరే. కొత్తగా ఎవరైనా వస్తే మొదటి రోజు ఒక్క ఆసనం కూడా వేయించను. కూర్చోబెట్టి గంటసేపు అడుగుతాను. నిద్ర ఎలా పడుతోంది, ఏ వైపు తిరిగి పడుకుంటారు, మెట్లు దిగేటప్పుడు నొప్పా ఎక్కేటప్పుడు నొప్పా. అన్నీ విన్నాక ఇంటికెళ్ళి, వాళ్ళకి తగ్గట్టు ఒక కాగితం రాసి, పుల్లల బొమ్మలు వేసి ఇస్తాను. ఆ కాగితం ఏడాదికి మూడుసార్లు మారుతుంది. ఎండలకి ఒకటి, వానలకి ఒకటి, చలికి ఒకటి. మే నెలలో కోల్‌కతా ఉక్కపోతలో చేసింది జనవరిలో చేస్తే ఒళ్ళు ఊరుకోదు. ఇంత కష్టపడి రాసిస్తే, "మేడం, పొట్ట తగ్గడానికి ప్యాకేజీ ఏమైనా ఉందా" అని అడిగేవాళ్ళు వస్తారు. ఒళ్ళు మండిపోతుంది నాకు.

పొద్దున బ్యాచ్‌లో ముగ్గురు. మొదటివాళ్ళు మా ఎదురు ఫ్లాటు శుక్లా బౌదీ, వాళ్ళాయన తపన్‌దా. బౌదీ అంటే ఇక్కడ వదిన, దా అంటే అన్న. ఆవిడకి భుజం పట్టేసింది. ఆయనకి గ్యాసు. ఈ ఊళ్ళో ఎవరికి ఎక్కడ నొప్పొచ్చినా మూలం పొట్టలోనే ఉంటుంది. ఆవిడ భుజం నొప్పికి కూడా కారణం రాత్రి తిన్న పనసకాయ కూరేనని తపన్‌దా మూడు నెలలుగా వాదిస్తున్నాడు.

మూడో ఆయన అప్పారావుగారు. లిలువా రైల్వే వర్క్‌షాపులో ఫిట్టరుగా చేసి రిటైరయ్యారు. వాళ్ళ తాతగారు ఎప్పుడో శ్రీకాకుళం నుంచి ఇక్కడికి పనికొచ్చారట. పుట్టింది, పెరిగింది, పెళ్ళాడింది అంతా లిలువాలోనే. కూతురు లావణ్యకి ఇక్కడ ఐటీ కంపెనీలో ఉద్యోగం కాబట్టి, ఆ పిల్లకి తోడుగా ఆయనా, ఆయన భార్యా మా బ్లాకులో ఆరో అంతస్తులో ఉంటున్నారు. దసరా వెళ్ళాక ఒకరోజు నా దగ్గరికి వచ్చారు. గుమ్మం దగ్గర స్టూలు మీద కూర్చోవడానికే మోకాళ్ళు పట్టుకుని ఒక నిమిషం తీసుకున్నారు.

"అమ్మా, మాఘమాసంల మా పిల్ల పెళ్ళి. పీటల మీద రెండు గంటలు కూకోవాల. నా మోకాళ్ళు రెండూ జామైపోనాయి" అన్నారు.

"కుర్చీ వేయించుకోండి, ఈ రోజుల్లో అందరూ వేయించుకుంటున్నారు కదా" అన్నాను.

"మా తమ్ముడూ అదే అన్నాడు. నేదంటే తనూ, వాడి పెళ్ళామూ కూకుంటారట, కన్యాదానం వాళ్ళే సేస్తారట. నా పిల్లని నాను కాక ఇంకోడు ఇస్తాడేటి? కుర్చీలో కూకోని అల్లుడి కాళ్ళు కడిగితే దొరలా ఉంటాది. నానే కూకోవాల. కిందే కూకోవాల."

నాకు ఆయన తమ్ముడి మీద చెప్పలేనంత కోపం వచ్చింది. ఆ తమ్ముణ్ణి నేను ఇంతవరకూ చూడలేదు, అది వేరే సంగతి. "మిమ్మల్ని పీట మీద కూర్చోబెట్టే పూచీ నాది" అని ఆ కోపంలోనే మాటిచ్చేశాను.

మాటిచ్చాక ఆయనా నేనూ పనిలో పడ్డాం. ఆయన ఫిట్టరు కదా, నా బొమ్మల కాగితం చూసి ఊరుకోలేదు. పాత మంచం చెక్క కోసి, గరుకు కాగితంతో రుద్ది, అర అంగుళం మందంలో ఎనిమిది పలకలు తయారుచేశారు. ఎనిమిదీ పేర్చి, దాని మీద దుప్పటి వేసి, బాసింపట్టు వేసుకుని మొదటిరోజు నాలుగు నిమిషాలు కూర్చున్నారు. వారానికో, పది రోజులకో ఒక పలక తీసేయడం, నిమిషాలు పెంచడం. పలకల మీద చాక్‌పీసుతో నంబర్లు. జనవరి మధ్యకి వచ్చేసరికి రెండు పలకలు మిగిలాయి. ఆ రెండు దగ్గర బండి ఆగిపోయింది. రెండో పలక తీసేస్తే చాలు, ఎడమ మోకాలు పైకి లేచిపోతుంది. పెళ్ళి పన్నెండు రోజుల్లో ఉంది. నాకు నిద్ర పట్టడం లేదు.

ఇదిగో, సరిగ్గా ఇలాంటప్పుడు చలి వచ్చింది. చలంటే ఏం చలి? పధ్నాలుగు డిగ్రీలు. మా ఆయన బ్యాంకు ఉద్యోగం పుణ్యమా అని అయిదేళ్ళు ఢిల్లీలో ఉండి వచ్చినదాన్ని. నీళ్ళ బకెట్లో చెయ్యి పెడితే ఏడుపొచ్చే చలి చూసినదాన్ని. ఇక్కడ పద్దెనిమిదికి దిగగానే ఊరు ఊరంతా ఉన్నిలో మునిగిపోతుంది. మంకీ క్యాపులు, మఫ్లర్లు, కాళ్ళకి రెండు జతల మేజోళ్ళు. శుక్లా బౌదీ నోట ఒకటే పాట, "ఠాండా లేగే జాబే, దిదిమోణి." అంటే చలి పట్టేస్తుంది టీచరమ్మా అని. కిటికీ తీస్తే ఠాండా లేగే జాబే. ఫ్యాను స్విచ్చి వైపు చూస్తే ఠాండా లేగే జాబే. గాలి ఆడని గదిలో ప్రాణాయామం ఏం చేయిస్తాను, మీరే చెప్పండి.

ఆ రోజు పొద్దున ఆరున్నరకి కమ్యూనిటీ హాలుకి వెళ్ళాను. తలుపు తీస్తే లోపల అడుగు పెట్టడానికి లేదు. నిండా డేగిసాలు, గరిటెలు, బస్తా బంగాళాదుంపలు, రెండు బస్తాల కాలీఫ్లవరు. ఆదివారం హౌసింగ్ వాళ్ళ పిక్నిక్ అట. నెల ముందే రిజిస్టర్లో రాసి బుక్ చేసుకున్న హాలు నాది. కమిటీ సెక్రటరీకి ఫోన్ చేస్తే నిద్రమత్తులో "ఒక్క రోజుకి అడ్జస్టు చేసుకోండి దిదీ, ఏడాదికి ఒక్కసారేగా పిక్నిక్" అన్నాడు. అతనికి ఫూల్‌కోపీ, అదే ఆ కాలీఫ్లవరు, ముఖ్యం. అప్పారావుగారి పన్నెండు రోజుల్లో ఒక రోజు పోతోందని నా బాధ. ఫోన్ పెట్టేసి, "పదండి, మేడ మీదకి పోదాం" అన్నాను.

బౌదీ అక్కడే నిలబడిపోయింది. "ఛాదే? మేడ మీదకా? ఈ మంచులో? దిదిమోణి, మీకు పిచ్చి పట్టిందా?"

"పిచ్చి కాదు, యోగా" అని లిఫ్టు బటను నొక్కాను.

మేడ మీద తెల్లగా పొగమంచు. ఎదురు బ్లాకు కూడా కనబడటం లేదు. సిమెంటు నేల తడిగా ఉంది. ముగ్గురూ మ్యాట్లు పరచలేదు. మ్యాట్లని ఒంటికి చుట్టుకుని నిలబడ్డారు. తపన్‌దా మంకీ క్యాపు మీద మఫ్లరు, ఆ మఫ్లరు మీద బౌదీ శాలువా. కళ్ళు మాత్రం కనబడుతున్నాయి. అప్పారావుగారు పలకల సంచీ కింద లిఫ్టు దగ్గరే మర్చిపోయి వచ్చి, ఇక్కడ చుట్టూ వెతుక్కుంటున్నారు.

"టోపీలు తీయండి. చలి అనేది బుర్రలో ఉంటుంది" అన్నాను.

తపన్‌దా చాలా మర్యాదగా, "అందుకే టోపీ బుర్రకి పెట్టుకున్నాను" అన్నాడు.

అప్పారావుగారు నవ్వారు. బౌదీ కూడా నవ్వింది. అక్కడ పోయింది నా తెలివి. నవ్వితే నవ్వారు, నేనూ నవ్వేసి ఓ పది నిమిషాలు వాళ్ళని అటూ ఇటూ నడిపించి ఉంటే ఈ టీ నేను మామూలుగా తాగుతూ ఉండేదాన్ని. కాని నాకు హాలు మీద కోపం, సెక్రటరీ మీద కోపం, కాలీఫ్లవరు మీద కోపం, ఆ ఎడమ మోకాలి మీద కోపం. అన్నీ కలిపి ఆ మంకీ క్యాపు మీద పడ్డాయి.

"ఇదిగో చూడండి" అని స్వెట్టరు విప్పి అవతల పడేశాను. తడి సిమెంటు మీద పల్చటి మ్యాట్ ఒక్కటి పరిచాను. పడుకున్నాను. వేడెక్కడం లేదు, ఏమీ లేదు. ఒక్క విసురుతో కాళ్ళు పైకెత్తి, తల మీంచి వెనక్కి తీసుకెళ్ళి, వేళ్ళు నేలకి ఆనించాను. హలాసనం. నలభై ఆరేళ్ళ మనిషి, పధ్నాలుగు డిగ్రీల్లో, నిద్ర లేచిన అరగంటకి. ఆ భంగిమలో ఉండగా కూడా నోరు ఆగలేదు. "చలి ఎక్కడుంది? నాకెందుకు లేదు? మీరందరూ మనసులోనే..."

తపన్‌దా ఏదో గొణిగాడు. బౌదీ మళ్ళీ కిసుక్కుమంది. ఎవరు నవ్వారో చూద్దామని తల పక్కకి తిప్పాను.

హలాసనంలో తల తిప్పకూడదు. ఇది నేను ఎన్ని వందలసార్లు చెప్పి ఉంటానో లెక్కలేదు. వెనకాల ఇల్లు కాలిపోతున్నా తిప్పకూడదని చెప్తాను. నా క్లాసులో నేను కేకలు వేసే విషయం ఇదొక్కటే. అలాంటిది, శిష్యుల్ని తిట్టడం కోసం తిప్పాను.

టక్‌మంది. నాకు వినిపించింది. వాళ్ళకీ వినిపించిందట.

కాళ్ళు అటే ఉండిపోయాయి. నడుము గాల్లో ఉంది. మెడ ఎటూ కదలదు. నా ముఖానికి రెండు అంగుళాల దూరంలో నా మోకాళ్ళు. వాటినే తిట్టాను కాసేపు. ఏడుపూ వచ్చింది, దాచుకోవడం ఎందుకు.

బౌదీ "ఓ మాగో" అంటూ ముందుకి ఉరికింది. అప్పారావుగారు చెయ్యి అడ్డం పెట్టి ఆపేశారు.

"ఎవులూ ముట్టుకోకండి" అన్నారు. ఆ గొంతు నేనెప్పుడూ వినలేదు. అది వర్క్‌షాపు గొంతు. "మేడంగారూ, బిగబట్టకండి. నాలుగు లెక్కెట్టి పీల్చండి, ఆరు లెక్కెట్టి వదలండి. తొందర నేదు." అవి నా మాటలే. నేను ఆయనకి మూడు నెలలుగా చెప్తున్న మాటలు నాకే చెప్తున్నారు. నాకు మళ్ళీ కోపం వచ్చింది, కాని లెక్కపెట్టాను. ఆయన తపన్‌దాకి బెంగాలీలో, నాకు తెలుగులో ఆర్డర్లు వేస్తూ, ఒకరు నడుము, ఒకరు కాళ్ళు పట్టుకుని, వ్యాగను చక్రాలు పట్టాల మీదకి దింపినట్టు అంగుళం అంగుళం దింపారు. అయిదు నిమిషాలు పట్టింది.

పడుకోబెట్టాక ఇంక లేవలేనని తేలింది. రెండో బ్లాకులో ఉండే డాక్టరుకి తపన్‌దా ఫోన్ చేశాడు. స్నానం చేసి వస్తానన్నాడట. అందాకా తల కదలకుండా ఎవరైనా పట్టుకోవాలి. అప్పారావుగారు నా తల దగ్గర నేల మీద కూర్చుని రెండు చేతులతో పట్టుకున్నారు. తపన్‌దా తన మంకీ క్యాపు తీసి నా తలకి తొడిగాడు. వద్దనడానికి తల ఊపలేను కదా.

బౌదీ మాత్రం ఊరుకుంటుందా? బ్యాగులోంచి నేను ఇంగ్లీషులో రాసిచ్చిన చలికాలం కాగితం తీసింది. కళ్ళజోడు పెట్టుకుని మొగుడికి గట్టిగా చదివి వినిపించడం మొదలుపెట్టింది. "ఒకటి. ముందు పది నిమిషాలు ఒళ్ళు వేడెక్కించాలి. రెండు. చల్లటి నేల మీద పడుకోకూడదు, కింద కంబళి తప్పనిసరి. మూడు. మెడకీ చెవులకీ చలిగాలి తగలనివ్వకూడదు. నాలుగు. కోపంగా ఉన్నప్పుడు, తొందరలో ఉన్నప్పుడు ఆసనాలు వద్దు, నడవండి." ఒక్కో నంబరు చదివి కళ్ళజోడు మీంచి నా వైపు చూస్తుంది. నాలుగోది రెండుసార్లు చదివింది. నా చేతిరాత చాలా బాగుందని కూడా అంది. నాకు లేచి ఆ కాగితం చింపేయాలనిపించింది. లేవడమే కుదిరితే ఈ గొడవంతా ఎందుకు?

డాక్టరు వచ్చేసరికి నలభై నిమిషాలైంది. పట్టా వేశాడు. కండరం పట్టేసింది, ఎముకకి ఏం కాలేదు, మూడు వారాలు మెడ కదపొద్దన్నాడు. నన్ను కుర్చీలోకి ఎక్కించి తీసుకెళ్ళబోతుంటే అప్పారావుగారు ఇంకా నేల మీదే కూర్చుని ఉన్నారు. ఈయన మోకాళ్ళు కూడా నా మూలాన పోయాయి అనుకున్నాను.

"అప్పారావుగారూ, ఏమైంది, లేవలేకపోతున్నారా?"

ఆయన తన కాళ్ళ వైపే చూసుకుంటున్నారు. బాసింపట్టు. రెండు మోకాళ్ళూ నేలకి ఆనుకుని ఉన్నాయి.

"అమ్మా, పలకలు కింద ఉండిపోనాయి" అన్నారు మెల్లగా. "నాను ఉత్తినే కూకున్నాను. తెల్దు నాకు."

మూడు నెలలు నేనూ, ఆ ఎనిమిది పలకలూ చేయలేని పని నా మెడ పట్టేస్తే అయిపోయింది. సంతోషం వేసింది, నిజంగానే కళ్ళు తడిశాయి. వెంటనే కోపమూ వచ్చింది. ఇంత సులువుగా అయ్యేదైతే మొదటిరోజే పడిపోయి ఉండేదాన్నిగా. ఆ మోకాలి కోసం ఎన్ని రాత్రులు బొమ్మలు వేశాను. దాని మీద ధ్యాస పెట్టినన్నాళ్ళూ లేచింది. ధ్యాస నా తల మీదకి మళ్ళగానే దిగింది. ఇది నేను పది మందికి లెక్చరిచ్చే విషయమే. నాకే తట్టలేదు.

ఆ తర్వాత పన్నెండు రోజులూ క్లాసు నా మంచం పక్కనే. నేను పడుకుని నోటితో చెప్పడం, ఆయన నేల మీద కూర్చుని లిలువా కబుర్లు చెప్పడం. గంట, గంటంపావు, గంటన్నర. గడియారం చూడనిచ్చేదాన్ని కాదు. మధ్యలో బౌదీ వేడినీళ్ళ సంచీ పట్టుకొచ్చి, ఠాండా గురించి ఉపన్యాసం ఇచ్చి వెళ్ళేది. మా ఆయన అయితే ఆఫీసు నుంచి రాగానే "ఇవాళ చలి బుర్రలో ఉందా, మెడలో ఉందా" అని అడిగేవాడు. ఆయన సంగతి పట్టా తీశాక చూస్తాను.

మొన్న పెళ్ళి. లిలువాలో రైల్వే క్వార్టర్స్ దగ్గర హాలు. వద్దన్నా వినకుండా వెళ్ళాను. పట్టు చీర, దాని పైన ఈ పట్టా. అప్పారావుగారు పంచె కట్టుకుని, భార్య పక్కన పీట మీద కూర్చున్నారు. తమ్ముడుగారు వెనకాలే ఒక కుర్చీ తెచ్చి రెడీగా పెట్టుకుని నిలబడ్డాడు. నేను ఆ కుర్చీ వైపే గుడ్లు ఉరిమి చూస్తూ కూర్చున్నాను. ముప్పావుగంట, గంట, గంటన్నర. అల్లుడి కాళ్ళు కడిగారు. కూతురి చెయ్యి అతని చేతిలో పెట్టారు. ఒక్కసారి కూడా మోకాలి మీద చెయ్యి వేయలేదు. చివరికి కాళ్ళు పీకిన తమ్ముడే ఆ కుర్చీలో కూలబడ్డాడు. నాకు ఎంత తృప్తిగా ఉందంటే, ఆ రోజంతట్లో కోపం రాని పది నిమిషాలు అవే.

భోజనాల దగ్గర నేను తల తిప్పలేక, వడ్డించేవాళ్ళు ఎటు నుంచి వస్తే అటు ఒళ్ళంతా తిప్పుతూ అవస్థ పడుతుంటే, పక్కన కూర్చున్న పెద్దావిడ నన్ను జాలిగా చూసింది. ఖిదిర్‌పూర్ నుంచి వచ్చిన అప్పారావుగారి మరదలట. నేనెవరో ఆవిడకి తెలీదు.

"మెడ పట్టేసిందేటమ్మా? పాపం, ఇంత సిన్న వయసులోనా" అని నా ఆకులో తనే కూర వేయించింది. "మందులు ఏటికీ పనికిరావు. మా బావని సూసినారు కదా, మూడు నెలల కిందట మెట్టు ఎక్కనేకపోనాడు. న్యూ టౌన్‌ల ఒక యోగా మేడం ఉన్నాదట. ఒక్కొక్క మనిషినీ విడిగా సూసి, కాలం బట్టి, ఒంటిని బట్టి కాయితం రాసిస్తాదట. సలికాలంల ఏటి సెయ్యాలో, ఏటి సెయ్యకూడదో అన్నీ తెలుసట ఆవిడికి. కోపం జాస్తీ అంటారు గాని, మీరు కూసింత ఓర్చుకోండి. బావనడిగి నెంబరు ఇప్పించీమంటారేటి?"

తల ఊపడానికి లేదు. నోటితోనే చెప్పాను.

"ఇప్పించండమ్మా. ఆవిడకి నాలుగు మాటలు చెప్పాల్సినవి ఉన్నాయి."